‘మాడ్లిన్’ అంటే ఉత్త సెంటిమెంటేనా? ఈ మాట ఎక్కడిది?

ప్రశ్న:
ఒక ఇంగ్లిష్ రివ్యూలో సినిమా క్లైమాక్స్ ‘మాడ్లిన్’గా ఉందని రాశారు. డిక్షనరీలో చూస్తే ఒకచోట అతి సెంటిమెంట్ అని, ఇంకోచోట తాగి ఏడవడం అని ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఏంటి? సెంటిమెంటల్ అంటే సరిపోదా?

జవాబు 1:
సరిపోదండి. సెంటిమెంటల్ అని ఒక్కోసారి మెచ్చుకుంటూ కూడా అంటారు, మాడ్లిన్ అంటే మాత్రం తప్పు పట్టడమే. ఉన్న బాధకి మించి, చాలాసార్లు తన మీద తనకే జాలి పుట్టి కళ్లనీళ్లు పెట్టుకోవడం. తాగుడు అర్థం పాతదే. 1592లో థామస్ నాష్ అనే ఇంగ్లిష్ రచయిత తాగుబోతుల్ని ఎనిమిది రకాలు చేసి, తాగుతూ మధ్యలో ప్రేమ పొంగుకొచ్చి ఏడుస్తూ పక్కవాణ్ణి ముద్దు పెట్టుకునే ఐదో రకానికి ఈ పేరే పెట్టాడు. ఇప్పుడు తాగుడుతో పని లేకుండా సినిమాలకీ పాటలకీ ఉపన్యాసాలకీ వాడుతున్నారు.

జవాబు 2:
అసలు అది ఒక మనిషి పేరు. బైబిల్లో యేసు శిష్యురాలైన మగ్దలేనే మరియ. ఆ ‘మగ్దలేనే’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి, నోళ్లలో నలిగి మాడ్లిన్ అయింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1458లో పెట్టిన కాలేజీకి ఆమె పేరే, రాయడం మాగ్డలెన్ అని రాసినా పిలవడం ఇప్పటికీ మాడ్లిన్ అనే. యూరప్ చిత్రకారులు శతాబ్దాల పాటు ఆమెని పశ్చాత్తాపంతో ఏడుస్తున్నట్టు గీయడంతో ఆ పేరు వింటేనే కన్నీళ్లు గుర్తుకొచ్చేవి.

ఇది ఆమెకి జరిగిన అన్యాయం అని నాకు గట్టిగా అనిపిస్తుంది. లూకా సువార్త 7వ అధ్యాయంలో పశ్చాత్తాపంతో యేసు పాదాల్ని కన్నీళ్లతో తడిపిన పాపాత్మురాలికి అక్కడ పేరే లేదు. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమే మగ్దలేనే మరియ అన్నాక పడమటి చర్చిలో అదే పాతుకుపోయింది.

జవాబు 3:
నిజమే, కానీ యోహాను సువార్త 20వ అధ్యాయంలో యేసు సమాధి బయట నిలబడి ఏడ్చింది మాత్రం ఈ మరియే. ప్రాణంగా చూసుకున్న గురువు చనిపోయాడు, కడసారి చూద్దామంటే దేహం కూడా కనిపించలేదు, ఎవరైనా ఏడవరా? అందులో అతి ఏముంది? అలాంటి మనిషి పేరు తాగుబోతు ఏడుపుకి అంటగట్టారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మరి ‘మాకిష్’ కూడా ఇలాంటిదేనా?

జవాబు 1:
దాని పుట్టుక వేరు. పురుగు అనే అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది. మొదట్లో కడుపులో తిప్పడం, తర్వాత వెగటు రుచి, ఆపైన వెగటు పుట్టించే సెంటిమెంట్. ఎవరూ ఏడవకపోయినా సీన్ మాకిష్‌గా ఉండొచ్చు, మాడ్లిన్ అనాలంటే మాత్రం ఏడుపు వాసన ఉండాలి. మీ రివ్యూలో హీరో ఏడ్చాడా?