కెవిన్ రాబర్ట్స్, హెరిటేజ్ ఫౌండేషన్: వచ్చిన దారి, పార్టీలో పొత్తులు, పత్రాల్లో రుజువులు (చర్చ)

కృష్ణాతీరం
ప్రాజెక్ట్ 2025 (రిపబ్లికన్ ప్రభుత్వం వస్తే ఎలా నడవాలో చెప్పే ప్రణాళిక) గురించి మనవాళ్ల గ్రూపుల్లో రోజూ మాట నడుస్తోంది. దాన్ని నడిపించిన వాషింగ్టన్‌లోని సంప్రదాయవాద మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ గురించి మాత్రం "ట్రంప్ మనిషి" అని ఒక్క ముక్కతో తేల్చేస్తున్నారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది? ఆయన ఎక్కడెక్కడ పనిచేశారు, ఎవరితో దగ్గర, అది కాగితాల్లో ఎలా చూసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి రాయండి.

పాతపత్రిక
ఆ మాట నిలవదండీ. ఆయనది లూసియానాలోని లఫయెట్. 2003లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేశారు, పరిశోధన లూసియానాలో బానిసత్వం మీద. 2006లో సొంతూళ్లోనే జాన్ పాల్ ద గ్రేట్ అకాడమీ అనే క్యాథలిక్ బడి పెట్టారు. 2013లో వయోమింగ్ క్యాథలిక్ కాలేజీ అధ్యక్షుడయ్యారు. 2015లో ఆ కాలేజీ ఫెడరల్ స్టూడెంట్ లోన్లు, గ్రాంట్లు మాకొద్దని తేల్చి చెప్పింది. సర్కారు సొమ్ము పుచ్చుకుంటే దాని షరతులకూ తల ఒగ్గాలన్నది వాళ్ల వాదన. సంప్రదాయవాద వర్గాల్లో ఆయన పేరు దేశమంతా వినబడింది అప్పుడే. 2016లో ఆస్టిన్‌లోని టెక్సస్ పబ్లిక్ పాలసీ ఫౌండేషన్ అనే మేధోసంస్థలో చేరి సీఈఓ దాకా ఎదిగారు. 2021 డిసెంబరులో హెరిటేజ్ పగ్గాలు పట్టారు.

ఆయనకు ముందున్నవాళ్లతో పోల్చండి. జిమ్ డిమింట్ సెనేటర్ పదవి వదిలి 2013లో వచ్చారు. కే కోల్స్ జేమ్స్ జార్జ్ డబ్ల్యు బుష్ హయాంలో ఫెడరల్ సిబ్బంది వ్యవహారాల శాఖ నడిపారు. రాబర్ట్స్ వాషింగ్టన్‌లో ఏ పదవీ చేయకుండానే ఆ కుర్చీ ఎక్కారు. ఆయన జాతీయ స్థాయి పొత్తులు ఎక్కువగా ఆ కుర్చీ ఎక్కాక కలిసినవే.

గోదారిగట్టు
దీనికి మూలపురుషుడు ఎడ్విన్ ఫ్యూల్నర్‌ని కలపకపోతే బొమ్మ పూర్తికాదు. 1973లో పాల్ వేరిచ్, ఫ్యూల్నర్ కలిసి హెరిటేజ్ పెట్టారు. మొదటి పెట్టుబడి బీరు వ్యాపారి జోసెఫ్ కూర్స్ ఇచ్చిన రెండున్నర లక్షల డాలర్లు. ఫ్యూల్నర్ అప్పటికి కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల్లో, మెల్విన్ లేర్డ్ దగ్గరా ఫిల్ క్రేన్ దగ్గరా పనిచేసి ఉన్నారు. ఓటింగ్ అయిపోయాక చేతికొచ్చే నివేదిక ఎందుకూ కొరగాదని ఆయనకు అక్కడే అర్థమైంది. అందుకే హెరిటేజ్ లావుపాటి పుస్తకాలకన్నా, సభ్యుడు సభకు వెళ్తూ దారిలో చదివేసేంత చిన్న పత్రాలకు పేరుపడింది. 1977 నుంచి 2013 దాకా 36 ఏళ్లు ఆయనే అధ్యక్షుడు.

1980లో రీగన్ గెలవగానే కొత్త ప్రభుత్వం చేతికి పరిపాలన ప్రణాళిక అందించారు. 1981లో పుస్తకంగా వచ్చింది: సుమారు 1,100 పేజీలు, దాదాపు 2,000 సూచనలు. రీగన్ దాన్ని తన మంత్రులకు పంచారు. 2023 ఏప్రిల్లో వచ్చిన 900 పైచిలుకు పేజీల, 30 అధ్యాయాల ప్రాజెక్ట్ 2025 పుస్తకం ఆ వరసలోదే. పేరు కూడా అదే, "మ్యాండేట్ ఫర్ లీడర్‌షిప్".

పాతపత్రిక
ఇప్పుడు ట్రంప్ సంగతి, తేదీల వారీగా. 2022 ఏప్రిల్లో ఫ్లోరిడాలో హెరిటేజ్ సభలో ట్రంప్ మాట్లాడారు, సంస్థ పనిని మెచ్చుకున్నారు. 2024 జులై మొదట్లో రాబర్ట్స్ ఒక ఇంటర్వ్యూలో "రెండో అమెరికన్ విప్లవం" అన్నారు, లెఫ్ట్ ఊరుకుంటే రక్తపాతం ఉండదని కూడా. దుమారం రేగింది. మూడు రోజులకే ట్రంప్ ప్రాజెక్ట్ 2025తో తనకు సంబంధం లేదని ప్రకటించారు. నెలాఖరుకు ప్రాజెక్ట్ డైరెక్టర్ పాల్ డాన్స్ తప్పుకున్నారు. రాబర్ట్స్ సొంత పుస్తకానికి ముందుమాట రాసింది జేడీ వాన్స్. సెప్టెంబరులో రావాల్సిన ఆ పుస్తకాన్ని ఎన్నికలయ్యాక నవంబరుకు జరిపారు.

అంటే ట్రంప్‌తో అవసరాన్ని బట్టి, వాన్స్‌తో ఆలోచనను బట్టి. ఈ రెంటినీ కలిపి ఒకే పొత్తు అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. రాబర్ట్స్ పాత టెక్సస్ సంస్థకు అంతకుముందు సారథి అయిన బ్రూక్ రోలిన్స్ 2021లో అమెరికా ఫస్ట్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అని వేరే దుకాణం తెరిచారు. 2025లో ఆవిడ వ్యవసాయ మంత్రి, ఆ సంస్థ ఛైర్ లిండా మెక్‌మాన్ విద్యా మంత్రి అయ్యారు. హెరిటేజ్‌కు పోటీ ఇంటి పక్కనే ఉంది.

లెక్కలమాస్టారు
కాగితాల సంగతి నేను చెప్తాను. క్రమం తప్పకుండా చూడండి.

ముందు సంస్థలు రెండని గుర్తుంచుకోండి. హెరిటేజ్ ఫౌండేషన్ 501(సి)(3), అంటే అమెరికా పన్ను చట్టం ప్రకారం దాతృత్వ సంస్థ. దాతకు పన్ను మినహాయింపు ఉంటుంది, అభ్యర్థికి మద్దతు పలకకూడదు, లాబీయింగ్‌కు పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని ఖర్చు లెక్కన కొలిచే పద్ధతి ఎంచుకున్న సంస్థ ఎంత పెద్దదైనా, లాబీయింగ్ ఖర్చు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటడానికి లేదు. అందుకే 2010లో హెరిటేజ్ యాక్షన్ అనే 501(సి)(4) పెట్టారు. దానికి లాబీయింగ్ పరిమితి లేదు. వార్తల్లో "హెరిటేజ్" అని ఉంటే రెంటిలో ఏదో చూసుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

తర్వాత ప్రోపబ్లికా నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ అనే సైట్‌లో ఫారం 990 (ఇలాంటి సంస్థలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే లెక్క) తెరవండి. పేరుతో కాకుండా పన్ను గుర్తింపు నంబరుతో వెతకండి, ఒకే పేరు సంస్థలు చాలా ఉంటాయి. పార్ట్ 7లో అధ్యక్షుడి జీతం ఉంటుంది: డి (D) కాలమ్ ఈ సంస్థ ఇచ్చింది, ఇంగ్లిష్ E అక్షరం కాలమ్ అనుబంధ సంస్థలు ఇచ్చింది, ఎఫ్ (F) ఇతర ప్రయోజనాలు. చాలామంది డి చూసి ఆపేస్తారు. షెడ్యూల్ ఆర్‌లో అనుబంధ సంస్థలు, షెడ్యూల్ సిలో లాబీయింగ్ ఖర్చు.

ఇది ఆలస్యంగా వచ్చే కాగితం. డిసెంబరుతో లెక్క ముగిసే సంస్థకు గడువు మే 15, ఆరు నెలల పొడిగింపుతో నవంబరు 15. ఈ ఏడాది సంగతి ఈ ఏడాది 990లో దొరకదు.

కృష్ణాతీరం
మాస్టారూ, డబ్బు ఎవరిచ్చారో 990లో ఉంటుందా?

లెక్కలమాస్టారు
ఉండదు. షెడ్యూల్ బిలో దాతల పేర్లు ఉన్నా, జనానికి ఇచ్చే ప్రతిలో కొట్టేస్తారు. కాబట్టి ఎదురు వైపు నుంచి రావాలి. ప్రైవేటు ఫౌండేషన్ల ఫారం 990-పీఎఫ్‌లో ఎవరికెంత ఇచ్చారో పేర్లతో ఉంటుంది. అందులో హెరిటేజ్ పేరు వెతకండి. డోనర్స్‌ట్రస్ట్ లాంటి మధ్యవర్తి నిధులైతే వాళ్ల షెడ్యూల్ ఐలో డబ్బు చేరిన సంస్థ కనబడుతుంది కానీ అసలు దాత కనబడడు. అక్కడికి దారి మూసుకుపోతుంది. ఊహతో ఆ ఖాళీ నింపొద్దు.

గోదారిగట్టు
డబ్బుకన్నా మనుషుల జాడ గట్టిది. రసెల్ వోట్‌నే తీసుకోండి. హెరిటేజ్ యాక్షన్ ఉపాధ్యక్షుడు, ట్రంప్ తొలి హయాంలో బడ్జెట్ ఆఫీసు అధిపతి, 2021లో సొంత సంస్థ, ప్రాజెక్ట్ 2025లో అధ్యక్షుడి కార్యాలయం మీద అధ్యాయం, 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే బడ్జెట్ కుర్చీ. అదే పుస్తకంలో టెలికం మీద రాసిన బ్రెండన్ కార్ టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఛైర్మన్ అయ్యారు. ఇలాంటివాళ్ల కోసం ప్రభుత్వ నైతిక వ్యవహారాల ఆఫీసు సైట్‌లో ఫారం 278ఈ (ఆస్తులు, ఆదాయాల వెల్లడి పత్రం) చూడండి. కొత్తగా పదవిలోకి వచ్చేవారు గత రెండేళ్లలో తమ పనికి ఏడాదికి 5,000 డాలర్లు మించి ఇచ్చిన ప్రతివారి పేరూ అందులో పార్ట్ 4లో రాయాలి.

వీసావివరం
ప్రాజెక్ట్ 2025 హెచ్1బి గురించి ఏమంది అని ఆలోచించేవాళ్ల కోసం. ఆ పుస్తకంలో వలసల వ్యవహారాలు చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ మీద అధ్యాయం రాసింది కెన్ కుచినెల్లి. హెచ్1బిని ఎక్కువ జీతాలున్న మేటి ప్రతిభావంతులకే పరిమితం చేయాలని అందులో ఉంది. 2025 సెప్టెంబరు 19న వచ్చిన లక్ష డాలర్ల రుసుము మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఆలోచనకు దగ్గరగా ఉన్నది జీతం స్థాయిని బట్టి లాటరీ: నాలుగో స్థాయి అయితే పేరు నాలుగుసార్లు, ఒకటో స్థాయి అయితే ఒక్కసారే. 2025 సెప్టెంబరులో ప్రతిపాదించి డిసెంబరులో ఖరారు చేశారు.

కానీ ఇది కూడా పుస్తకంలో పుట్టింది కాదు. జీతం స్థాయి ప్రకారం ఎంపిక చేసే నిబంధన 2021 జనవరిలోనే వచ్చింది, అదే ఏడాది కోర్టు కొట్టేసింది. ఆ నిబంధన వచ్చినప్పుడు కుచినెల్లి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలోనే ఉన్నారు. ట్రంప్ రెండో హయాంలో ఆయనకు పదవి రాలేదు, ఆయన ఆలోచన మాత్రం వచ్చింది.

పాతపత్రిక
చివరగా, ఈ కుర్చీ ధర్మకర్తల చేతిలో ఉంటుంది. 2017 మేలో డిమింట్‌ను తప్పించింది వాళ్లే. శ్వేతజాతి జాతీయవాది నిక్ ఫ్యుయెంటెస్‌ను ఇంటర్వ్యూ చేసిన వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్‌ను వెనకేసుకొస్తూ 2025 అక్టోబరు 30న రాబర్ట్స్ వీడియో పెట్టారు. ఆ వివాదం మీద నవంబరులో ధర్మకర్త రాబర్ట్ జార్జ్ రాజీనామా చేశారు, డిసెంబరులో కొందరు సిబ్బంది మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ సంస్థకు వెళ్లిపోయారు. కొత్త 990 వచ్చినప్పుడు పార్ట్ 7లో ధర్మకర్తల పేర్లను పాతదాని పక్కన పెట్టి చూడండి. ఎవరు పోయారో, ఎవరొచ్చారో అక్కడ తెలుస్తుంది.