టాంపా బే మడ అడవుల్లో కయాక్: గైడ్ లేకుండా మేమే వెళ్ళగలమా?

బ్రాండన్_భీమవరం:

అందరికీ నమస్కారం. మేం టాంపా పక్కన బ్రాండన్‌లో ఉంటాం. సంక్రాంతిని ఆనుకుని లాంగ్ వీకెండ్ వస్తోంది కదా, ఈసారి ఓర్లాండో పార్కులు వద్దు బాబోయ్ అనుకున్నాం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వీడన్ ఐలాండ్ దగ్గర కయాక్ అద్దెకి తీసుకుని మడ అడవుల్లో తిరగొచ్చని ఆఫీసులో చెప్పారు. గైడెడ్ టూర్ అంటే పదిమందితో కలిసి వాళ్ళ టైముకి కదలాలి, మా వాడు పక్షి కనిపిస్తే అక్కడే ఆగిపోయే రకం. అందుకే మా అంతట మేమే వెళ్దామని.

వెళ్ళేది నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు, మా బావమరిది. నాకు ఈత కాస్త వచ్చు, మా ఆవిడకి అస్సలు రాదు. కయాక్ ఎవరం ఎక్కలేదు. లోపల దారి తప్పిపోతామా? సింగిల్ తీసుకోవాలా, ఇద్దరు కూర్చునేదా? మొసళ్ళుంటాయా? పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళిపోతే బాగుంటుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

తాళ్ళరేవు_బాబాయ్:

భీమవరం తమ్ముడూ, వెళ్ళొచ్చు, సుబ్బరంగా వెళ్ళొచ్చు. కానీ ఆ తొమ్మిది గంటలనేది ఎక్కడి లెక్క? అక్కడ టైము చెప్పేది నువ్వు కాదు, నీళ్ళు.

నేను పుట్టింది తాళ్ళరేవు వైపు, ఇప్పుడుండేది సెయింట్ పీట్‌లో. మా ఊళ్ళో రోజుకి నీళ్ళు ఎక్కే పోట్లు రెండు, దిగే ఆట్లు రెండు. టాంపా బే అలా కాదు. కొన్ని రోజులు రెండేసి వస్తాయి, కొన్ని రోజులు ఒక్క పోటు, ఒక్క ఆటు అంతే. రెండు వచ్చిన రోజున కూడా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మొత్తం ఎత్తు తేడా మూడడుగులు దాటడం తక్కువ. మూడడుగులే కదా అనుకోకు. ఆ సన్న కాలవల్లో ఉండే నీళ్ళే అంత.

ఇంక చలికాలంలో ఇంకో తిరకాసు. ఇక్కడ బాగా కిందికి దిగే ఆట్లు శీతాకాలంలో పొద్దుటిపూట పడతాయి, వేసవిలో రాత్రిళ్ళు. దానికి తోడు జనవరిలో కోల్డ్ ఫ్రంట్, అంటే చలిగాలి అల, దాటాక ఒకటి రెండు రోజులు ఉత్తరపు గాలి కొడుతుంది. ఆ గాలి బేలో నీళ్ళని బయట మెక్సికో గల్ఫ్‌లోకి తోసేస్తుంది. ఆటుపోట్ల పట్టికలో అడుగు అని రాసున్న చోట అరడుగు కూడా మిగలదు. పట్టిక సూర్యచంద్రుల లెక్క చెబుతుంది గానీ ఆ వారం గాలి లెక్క చెప్పదు. కాబట్టి ముందు రోజు రాత్రి పట్టికతో పాటు గాలి కూడా చూడు. ఉత్తరం నుంచి గంటకి పదిహేను మైళ్ళు పైన ఉంటే ఇంట్లో గారెలు వండుకోండి.

నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) సైట్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ స్టేషన్ పెట్టుకుని చూడు. అందులో సున్నా అంటే నీళ్ళు లేవని కాదు, ఏ రోజుకారోజు తక్కువ ఆటు తీసుకుని కట్టిన సగటు మట్టం అది. మైనస్ కనిపిస్తే ఆ పూట కయాక్ మాటెత్తకు. నేనైతే అడుగున్నర దాటి, నీళ్ళు ఇంకా ఎక్కుతున్నప్పుడే మడ చెట్లు పైన కప్పేసిన సన్న కాలవల సొరంగాల్లోకి దిగుతాను. ఎక్కే నీళ్ళలో బురదకి తగులుకున్నా కాసేపు ఊరికే కూర్చుంటే ఆ పోటే లేపి పెడుతుంది. దిగే నీళ్ళలో తగులుకున్నావా, మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడే. దిగి తోద్దామనుకోవద్దు. బురద మోకాలు దాటి లాగుతుంది, కింద ఆల్చిప్పలు బ్లేడుల్లా ఉంటాయి. వాటితో తెగితే ఉప్పునీటి బాక్టీరియా పట్టుకునే ప్రమాదం, అదో ఆసుపత్రి ఖర్చు. అలాగని నిండు పోటు కూడా మరీ మంచిది కాదు, కొమ్మలు తలకి తగులుతాయి.

సొరంగాలు అంటున్నాను కదా, అవి దేవుడు తవ్వినవి కావు. 1950లలో దోమల్ని తగ్గించడానికి మనుషులు తవ్విన కాలవలవి. ఈ ఉప్పుమడుగు దోమ నీళ్ళలో గుడ్లు పెట్టదు, తడి బురద మీద పెడుతుంది, తర్వాత నీళ్ళు ఎక్కినప్పుడు అవి పొదుగుతాయి. కాలవ తవ్వితే రోజూ పోటు లోపలికి వస్తుంది, దాంతో చిన్నచేపలొచ్చి పిల్లపురుగుల్ని తినేస్తాయి. తవ్విన మట్టి గట్టుకి పోశారు, గట్ల మీద మడ చెట్లు లేచాయి, రెండు వైపులా పెరిగి పైన కలిసిపోయాయి. ఇప్పుడు మనం డబ్బులిచ్చి వెళ్ళి అబ్బ ఏం ప్రకృతి అంటున్నాం. నిజంగానే బాగుంటుంది లెండి, ఆ పచ్చటి చీకట్లో చప్పుడు లేకుండా పోతుంటే.

ఒడ్డునుండేది రెడ్ మాంగ్రోవ్, మన ఉప్పుపొన్న జాతి, ఊడలు దిగి నీళ్ళలో నిలబడతాయి. కొంచెం వెనక్కి ఉండే బ్లాక్ మాంగ్రోవ్ మా కోరంగి నల్లమడకి దాయాది, బురదలోంచి పైకి వేళ్ళు పొడుచుకొస్తాయి. ఉప్పుపొన్న కాయ చెట్టు మీదుండగానే మొలకెత్తి ములక్కాడ ముక్కలా వేలాడుతుంది. తెడ్డు తగిలితే టపటపా పడతాయి. మీవాడికి చూపించు. కొమ్మ అడ్డొచ్చిందని విరవకు మాత్రం, ఫ్లోరిడాలో మడ చెట్టు నరకడానికి 1996 నుంచి ప్రత్యేకంగా చట్టమే ఉంది.

దారి సంగతి. వీడన్‌లో పడవ దారి పేరు సౌత్ పాడ్లింగ్ ట్రయిల్, నాలుగు మైళ్ళ చుట్టు, అంకెలేసిన గుర్తులుంటాయి. ఒక గుర్తు దాటాక తర్వాతది కనపడకుండా ముందుకి పోతూనే ఉండకు, వెనక్కి వచ్చేయ్. పక్క కాలవలన్నీ ఒక్కలాగే ఉంటాయి మరి. బయటికొచ్చాక పక్కనున్న కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఆనవాలు. సొరంగంలో అవి కనపడవు, ఫోను మ్యాపులో కూడా సన్న కాలవలు సరిగ్గా ఉండవు. అద్దెకిచ్చేచోట ట్రయిల్ మ్యాపు కాగితం అడుగు, ఫోటో కూడా తీసుకో. కొత్తవాళ్ళు గంటకి రెండు మైళ్ళు కంటే పోలేరు, మీవాడి పక్షులతో కలిపి మూడు గంటలు వేసుకో.

పడవ: మీ ఆవిడకీ నీకూ కలిపి ఒక డబుల్, బావమరిదికీ బాబుకీ ఒకటి. బరువైన మనిషి వెనక, మలుపు తిప్పేది వాళ్ళే. పైన కూర్చునే రకం అడుగు, లోపల కాళ్ళు పెట్టేది వద్దు. తిరగబడ్డా నీళ్ళు వాటంతటవే కారిపోతాయి, మళ్ళీ ఎక్కడం తేలిక. ఇరుకులో రెండు వైపుల తెడ్డు తిరగదు. మధ్యలో బొత్తాం నొక్కితే రెండు ముక్కలవుతుంది, ఒక ముక్కతో తోసుకుంటూ పో.

మొసళ్ళు ఉప్పునీటి వైపు చాలా అరుదు. మీకు కనపడేవి చెట్టెక్కే చిన్న పీతలు. కొమ్మకి తగిలితే ఒళ్ళో రాలతాయి, ఏమీ చెయ్యవు. అరిచి లేచి నిలబడితేనే పడవ బోల్తా.

మాధవి_పినెల్లస్:

బాబాయ్ గారు అన్నీ చెప్పేశారు, రెండింటి మీద నాకు వేరే మాటుంది.

డబుల్ కయాక్ వద్దండి. అది పదమూడు పద్నాలుగు అడుగులుంటుంది, ఆ సొరంగాల్లో మలుపు తిరగాలంటే ముందుకీ వెనక్కీ అనాలి. మొదటిసారి తెడ్డు పట్టుకున్న ఇద్దరు ఒకే పడవలో ఉంటే చెట్ల కంటే ఎక్కువ గొడవ వాళ్ళ మధ్యే. పెద్దవాళ్ళు సింగిల్స్ తీసుకోండి, బాబు ఒక్కడే ఎవరో ఒకరితో డబుల్‌లో. సింగిల్ నేర్చుకోవడానికి పావుగంట చాలు, ఒడ్డు దగ్గరే తిప్పి చూసుకుని బయల్దేరండి.

లైఫ్ జాకెట్: ఫ్లోరిడా చట్టం ప్రకారం ఆరేళ్ళ లోపు పిల్లలకి ఒంటి మీద ఉండాలి, పెద్దవాళ్ళకి పడవలో ఉంటే చాలు. అది చట్టం మాట. మీ ఆవిడకి ఈత రాదన్నారు కాబట్టి ఆవిడా బాబూ ఒడ్డున తొడుక్కుంటే మళ్ళీ ఒడ్డుకొచ్చాకే విప్పాలి. బాబుకి పెద్దవాళ్ళ సైజు ఇస్తే ఒప్పుకోకండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి లేస్తే అది వాడిది కాదు. విజిల్ కూడా అడిగి తీసుకోండి, అది కూడా ఉండాల్సిందే.

జనవరిలో నీళ్ళు 60 ఫారెన్‌హీట్ చుట్టుపక్కల ఉంటాయి. జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరవు. చలికాలం దోమలు తక్కువే, కానీ గాలి లేకపోతే కంటికి ఆనని చిన్న పురుగులు చీలమండల దగ్గర కుడతాయి. పొడుగు ప్యాంటు, సాక్సు వేసుకోండి. బాత్రూం పని ముందే కానివ్వండి, మధ్యలో దిగే చోటు లేదు. పులిహోర డబ్బా తీసుకెళ్ళినా తినేది తిరిగొచ్చాకే.

తాళ్ళరేవు_బాబాయ్:

మాధవమ్మా, ఈత రాని మనిషిని మొదటిరోజే ఒంటరిగా సింగిల్‌లో కూర్చోబెట్టమంటావా? ఆ అమ్మాయికి ధైర్యం ఎవరిస్తారు? నా ఓటు డబుల్‌కే. గొడవ పడితే పడనీ.

మయామీ_మూర్తి:

దక్షిణం వైపు వచ్చే పనుంటే ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో నైన్ మైల్ పాండ్ చూడండి. పేరు తొమ్మిది మైళ్ళు గానీ పడవ చుట్టు అయిదు మైళ్ళ చిల్లర. తెల్లటి గొట్టాలకి అంకెలేసి పాతారు, వాటిని బట్టే పోవాలి. పడవలు పార్కులోనే ఫ్లెమింగో అనే చోట అద్దెకిస్తారు. ఇక్కడ ఆటుపోట్ల బాధ లేదు, వానలు లేని సంవత్సరం ఫిబ్రవరి దాటాక నీళ్ళు తగ్గుతాయి అంతే. కానీ మొసళ్ళ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, ఇక్కడుంటాయి. ఆలిగేటరూ, అసలు మొసలీ రెండూ అడవిలో కలిసి బతికేది ప్రపంచంలో దక్షిణ ఫ్లోరిడాలోనే. మొదటిసారికి తొమ్మిదేళ్ళ పిల్లాడితో వీడనే నయం.

కాకినాడ_కిరణ్:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మన కోరంగిలో ఇలా పడవ అద్దెకి తీసుకుని మనమే తిరిగే వీలుందా బాబాయ్? ఫిబ్రవరిలో అమెరికా నుంచి స్నేహితులొస్తున్నారు.

తాళ్ళరేవు_బాబాయ్:

కిరణూ, మన దగ్గర పద్ధతి వేరు. కోరంగి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు, అటవీ శాఖ చూసుకునే చోటు. చెక్కల నడకదారి ఉంది, నడిపే మనిషితో సహా బోటు ఎక్కిస్తారు, అది చాలు. ఎవరికీ చెప్పకుండా పాయల్లోకి పోదామనుకోకు. వీడన్‌లో మూడడుగుల నీళ్ళు, ఎటు చూసినా ఊరు. కోరంగిలో పాయలోంచి పాయలోకి పోతూ సముద్రం దగ్గర తేలతావు, గుర్తులు ఉండవు. పుట్టినప్పట్నుంచీ అక్కడే వేటాడేవాళ్ళకే ఆ దారులు తెలుసు. చేతి తెడ్డు పడవే ఎక్కించాలంటే తమిళనాడులో పిచ్చావరం తీసుకెళ్ళు, అక్కడ కూడా నడిపేవాడు వాళ్ళ మనిషే.

బ్రాండన్_భీమవరం:

బాబాయ్, మాధవి గారూ, మూర్తి గారూ, చాలా థాంక్స్. మీరన్నట్టు పట్టిక చూశా. శనివారం పొద్దున ఏడున్నరకి మైనస్ 0.3 అడుగులు ఉంది, తర్వాత ఎక్కుతూ మధ్యాహ్నం రెండున్నరకి 1.9 అడుగులు. ఆ తర్వాత కొంచెమే దిగుతుంది, రాత్రికి గానీ బాగా తగ్గదు. గాలి తూర్పు నుంచి ఆరు మైళ్ళు అంటోంది. అద్దెకిచ్చే ఒకాయనకి ఫోన్ చేస్తే "తొమ్మిదికి రండి, జనం ఉండరు" అన్నాడు!

తాళ్ళరేవు_బాబాయ్:

జనం ఉండరు, నీళ్ళూ ఉండవు. ఆయన బేలో ఒడ్డు పక్కన తిరిగేవాళ్ళని మనసులో పెట్టుకుని చెప్పుంటాడు. సౌత్ ట్రయిల్‌కి అని అడిగి చూడు, మాట మారుతుంది.

నీ పట్టిక బంగారంలా ఉంది. పదకొండున్నరకి అక్కడుండు. కాగితాల మీద సంతకాలు, జాకెట్లు, ఒడ్డు దగ్గర తెడ్డు తిప్పడం అయ్యేసరికి పన్నెండున్నర. సొరంగాల దగ్గరికి వెళ్ళేసరికి అడుగున్నరకి దగ్గరగా ఉంటుంది, ఇంకా ఎక్కుతుంటుంది. పోటు నిండాక కూడా దిగడం నెమ్మదే అంటున్నావు కాబట్టి కంగారు లేదు, నాలుగుకల్లా బయటికి. పడవలు ఎన్నింటికి తిరిగివ్వాలో, ఆలస్యమైతే ఎంత వేస్తారో ముందే అడుగు. జనవరిలో ఆరుకి ముందే పొద్దు గూకుతుంది, పార్కు గేటు కూడా వేసేస్తారు.

ముందే చేరుకుంటే అక్కడి కల్చరల్ సెంటర్‌లో ఒక పాత పడవ చూడండి, తెరిచి ఉండే రోజో కాదో చూసుకుని. ఒకే పైన్ మానుని తొలిచి చేసింది, నలభై అడుగుల పొడవు, వయసు పదకొండు వందల ఏళ్ళ పైమాటే. ఆ ఒడ్డు బురదలోనే దొరికింది, 2011లో తవ్వి తీశారు. మీవాడు దాని దగ్గర్నుంచి కదలడు.

శుక్రవారం రాత్రి గాలి మళ్ళీ చూసుకో. ఉత్తరానికి మళ్ళితే వీడన్ మానేసి మీ ఇంటి పక్కనే అపోలో బీచ్‌కి పోండి. అక్కడ కరెంటు ప్లాంటు వేడినీళ్ళ కాలవలో చలికి మనాటీలు (గడ్డి తినే పెద్ద నీటి జంతువులు) గుంపులుగా చేరతాయి, నవంబరు ఒకటి నుంచి ఏప్రిల్ పదిహేను దాకా చూడనిస్తారు, టికెట్టు లేదు. చలెక్కువైతే అవి ఎక్కువ వస్తాయి.

మాధవి_పినెల్లస్:

బావమరిది గారికి సింగిల్ ఇచ్చి, బాబుని మీతో కూర్చోబెట్టుకుంటే ఆవిడ ఎవరితో అన్న ప్రశ్న మిగిలింది కదా. మీరు నలుగురు, ఈత కాస్తో కూస్తో వచ్చింది మీకొక్కరికే. బావమరిదికి వచ్చో రాదో అడిగారా?

బ్రాండన్_భీమవరం:

ఇప్పుడే అడిగా. చెరువులో నేర్చుకున్నాడట, బాగానే వచ్చంటున్నాడు. బాబు వాడితో, ఆవిడ నాతో, రెండు డబుల్స్ బుక్ చేశా, పైన కూర్చునే రకం, పదకొండున్నరకి. సౌత్ ట్రయిల్ అని చెప్పగానే ఆయన కూడా "అయితే పన్నెండు తర్వాతే దిగండి" అన్నాడు.