‘అకరణీయ’ల ‘అ’ ఏ దిక్కుది?

(వేరువేరు ఊళ్ల టీచర్ల మాటలు ఇవి; ముందున్న పేరు ఆ టీచర్ ఊరిది.)

దేవరకొండ (గణితం): తెలుగు పండితులు తేల్చాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నది. అన్యాయం, అసత్యం, అశుభం అన్నప్పుడు ముందున్న ‘అ’ కాదని చెప్తది. మరి అకరణీయ సంఖ్య అంటే 3/4 లెక్క భిన్నంగ రాయగలిగే సాదాసీదా సంఖ్య. కరణీయ సంఖ్య అంటేనేమో √2 అసుంటిది, దశాంశాలు ఒడవనిది, తిరిగి రానిది. దీన్నే ఇంగ్లిష్ల ఇర్రేషనల్ అంటరు. ఇంగ్లిష్ మీడియంల చదివి వచ్చినోళ్లు ఇర్రేషనల్‌ల ‘ఇర్’కు ‘అ’ సరిపోతదనుకొని అకరణీయ అంటే ఇర్రేషనల్ అని రాస్తరు. ఒక్క బిట్టు పోతే పోయింది. కాని “అకరణీయ సంఖ్యలను ఏరి ఆరోహణ క్రమంలో రాయండి” అంటే √5ను ఏరుకొని 3/4ను ఇడిచిపెడ్తరు, మొత్తం లెక్క పోతది. ఈ ‘అ’ ఎక్కడి నుంచి వచ్చింది?

నాగర్‌కర్నూల్ (తెలుగు): కరణీయం అంటే ‘చేయదగినది’ అన్న అర్థం పట్టుకుంటే ఈ ముడి విడదు సార్. ఇక్కడ మూలం కరణి. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథాలైన శుల్బసూత్రాలలో వేదికలు కొలిచే తాడుకు రజ్జువు అని పేరు. కావలసిన వైశాల్యంతో చతురస్రాన్ని ‘చేసే’ తాడు కరణి, అంటే ఆ చతురస్రం భుజం. రెండింతల వైశాల్యానికి భుజం ద్వికరణి, మూడింతలకు త్రికరణి. మన √2, √3 అవే. తర్వాత బీజగణితంలో బ్రహ్మగుప్తుడు, భాస్కరుడు మూలం కచ్చితంగా తేలని రాశులకు ఈ కరణి పేరునే వాడారు. పై తరగతుల్లో ‘కరణులు’ అని చదువుకునేది దాన్నే. కరణితో పని పడే సంఖ్య కరణీయం, పడనిది అకరణీయం. ‘అ’ కాదంటున్నది కరణిని. ఊరి కరణానికి, ఈ కరణికి చుట్టరికం ధాతువు వరకే, లెక్కల దాకా రాదు.

మక్తల్: పక్క భాషలు కూడ తికమక పెడ్తయి. అవతల రాయచూర్ల కన్నడం పుస్తకం తీస్తే భాగలబ్ధ, అభాగలబ్ధ. హిందీల పరిమేయ, అపరిమేయ. మన దగ్గర ఉర్దూ మీడియంల నాతిఖ్, గైర్ నాతిఖ్. ఈ మూడింట్ల ‘కాదు’ అనే ముక్క √2 దిక్కు ఉన్నది, తెలుగుల 3/4 దిక్కు ఉన్నది. వాళ్లు భాగారం నుంచో కొలత నుంచో పేరు పెట్టిన్రు, మనోళ్లు వర్గమూలం నుంచి పెట్టిన్రు, గంతే తేడా. నాతిఖ్ అంటే మాట్లాడేది. అరబ్బు గణితజ్ఞులు √2 అసుంటి వాటిని ‘అసమ్’ అన్నరు, చెవిటిది అని. లాటిన్ల అదే సర్డస్ అయింది, ఇంగ్లిష్‌ల సర్డ్ అయింది. రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చెప్తే పిల్లలకు జల్ది పట్టువడ్తది.

మిర్యాలగూడ: పండిట్ గారు చెప్పింది ఒప్పుకుంట, కాని π (పై) అనే సంఖ్య సంగతేంది? వృత్తం చుట్టుకొలతను వ్యాసంతోని భాగిస్తే వచ్చే పై ఏ అకరణీయ సంఖ్యకూ వర్గమూలం కాదు, ఘనమూలం కాదు, ఏ మూలమూ కాదు. 1882లో జర్మన్ గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించిండు. అయినా మన పుస్తకం దాన్ని కరణీయ సంఖ్యే అంటది. అంటే పేరు ఇరుకు, లోపల ఉన్న సరుకు ఎక్కువ. పేరు చూసి తేల్చుకోవద్దు, లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలుగ, హారం సున్న కాకుండ రాయగలుగుతమా అన్నది ఒక్కటే పరీక్ష.

ఆ పరీక్ష పెట్టకుంటే రెండు దిక్కుల దెబ్బ తగుల్తది. మూలం గుర్తు కనబడంగనే కరణీయం అంటరు: √49 అంటే 7, √(9/16) అంటే 3/4, √0.09 అంటే 0.3, మూడూ అకరణీయాలే. √0.9 మాత్రం కాదు, అది 0.948… అని పోతనే ఉంటది. బిందువు ఒక్క స్థానం జరిగితే జాతే మారింది. ఇంకో దిక్కు 22/7 పేరు మీద పైని అకరణీయంల వేస్తరు. 22/7 పై కాదు, పై కన్న కొంచెం కుడి దిక్కు ఉన్న ఇంకో చుక్క. ఆర్యభటుడు 62832ను 20000తో భాగించమన్నప్పుడు ‘ఆసన్న’ అన్నడు, అంటే దగ్గరిది. మనం ఆ మాటే మింగేసి సమానం గుర్తు పెడ్తున్నం. వరుస పెడితే ఇట్ల వస్తది:

3.14 < పై < 355/113 < 3.1416 < 22/7

పైకి, 355/113కు తేడా ఏడో దశాంశంల బయటపడ్తది: 3.1415926…, 3.1415929…

నల్లగొండ: పేర్ల గొడవ అట్లుంచి, చదివే తీరు కూడ క్రమాన్ని చెడగొడ్తది. వానకాలం పేపర్ల రోజూ వచ్చే సాగర్ నీటిమట్టమే చూడుండ్రి. పూర్తిమట్టం 590 అడుగులు. ఒకనాడు 589.65, ఇంకోనాడు 589.7 ఉన్నదనుకుందాం. “పాయింట్ అరవై ఐదు”, “పాయింట్ ఏడు” అని చదివినోడు అరవై ఐదే పెద్దదంటడు. బిందువు తర్వాత అంకెలను ఆరు, ఐదు అని విడివిడిగ చదివియ్యాలె. తక్కువ స్థానాలున్నదానికి సున్న తగిలించి 589.70 అని రాపియ్యాలె. అప్పుడు తెలుస్తది, ఏడున్ననాడే నీళ్లు ఎక్కువ: 0.05 అడుగు, అంటే 0.6 అంగుళం. దీంట్లనే ఇంకో ఉచ్చు ఉన్నది. 589 అడుగుల 6 అంగుళాలను 589.6 అని రాస్తరు, అది 589.5. అడుగుకు పన్నెండు అంగుళాలు కద.

దేవరకొండ (గణితం): మంచి మాట. రుణ సంఖ్యల దగ్గర కూడ మాటే పడగొడ్తది. “−7 పెద్దదా, −3 పెద్దదా” అంటే సగం తరగతి −7 అంటది.

నల్లగొండ: వాళ్ల తప్పు కాదు, రుణం అనే మాటల్నే ఉన్నది. ధనం, రుణం అనే పేర్లతోనే బ్రహ్మగుప్తుడు 628లో కూడిక, తీసివేత నియమాలు రాసిండు. ఏడు వేల అప్పు మూడు వేల అప్పు కన్న పెద్దది, నిజమే. −3 అనేది −7 కన్న పెద్దది, అదీ నిజమే. మొదటిది సున్న నుంచి ఎంత దూరమన్న సంగతి, పరమమూల్యం. రెండోది రేఖ మీద ఏ చోట ఉన్నదన్న సంగతి. “ఏది పెద్దది” అని అడగకుండ “కుడి దిక్కు ఏది ఉన్నది” అని అడిగితే జవాబు మారుతది.

భిన్నాలల్ల ఇంకో జాగ్రత్త. −2/3, 3/−4 ఇచ్చి పోల్చమంటే నేరుగ అడ్డ గుణకారం చేస్తరు: (−2)×(−4) = 8, 3×3 = 9, 8 చిన్నది కాబట్టి −2/3 చిన్నదని రాస్తరు. తప్పు. హారంల ఉన్న మైనస్‌ను ముందు లవంలకు తేవాలె. అప్పుడు −3/4 అయితది, క.సా.గు. 12తోని −8/12, −9/12. ఎడమ దిక్కు ఉన్నది −9/12, అంటే −3/4యే చిన్నది.

వనపర్తి: గీసుడు గురించి నేను రాస్త, మార్కులు పోయేది ఎక్కువ అక్కడనే.

7/5ను గుర్తించమంటే 1కి, 2కి నడుమ ఐదు గీతలు పెడ్తరు. ఐదు గీతలు పెడితే ఆరు భాగాలైతయి. ఐదు సమాన భాగాలకు నడుమ నాలుగే గీతలు. 1 దాటినంక రెండో గీత 7/5.

√2కు: 0 నుంచి 1 దాక యూనిట్ తీసుకొని, 1 దగ్గర లంబం లేపి, దాని మీద అంతే యూనిట్ కొలిచి, పై చివరను 0తోని కలపాలె. ఆ కర్ణమే √2. వృత్తలేఖిని ముల్లు 0 మీద పెట్టి కర్ణమంత తెరిచి రేఖ మీదికి చాపం దింపాలె. కొందరు ముల్లును 1 మీద పెడ్తరు, చుక్క 2.414 దగ్గర పడ్తది. మూలమట్టం లేకుండ లంబం కంటి అంచనాతోని లేపుతరు. కోణం 90కి బదులు 92 డిగ్రీలు పడితే కర్ణం 1.4387 అయితది. యూనిట్ 10 సెంటీమీటర్లయితే 14.14 దగ్గర ఉండాల్సిన చుక్క 14.39 దగ్గర ఉంటది, రెండున్నర మిల్లీమీటర్ల తేడా.

మంచిగ గీసినా బొమ్మ చూసి క్రమం చెప్పొద్దు. √2కు, 17/12కు తేడా 0.00245. 10 సెంటీమీటర్ల యూనిట్ మీద అది పావు మిల్లీమీటరు. పెన్సిల్ గీతే అర మిల్లీమీటరు ఉంటది, రెండు చుక్కలూ దాని కిందనే పోతయి. పుస్తకంల క్రమానుగత వర్ధన పద్ధతి ఉన్నది అందుకే: 1.41కి, 1.42కి నడుమ తీసి పది భాగాలు, మళ్ల 1.414కి, 1.415కి నడుమ పది భాగాలు. కరణీయ సంఖ్యకు ఆ పెంచుడు ఏ మెట్టు మీదా ఆగదు.

దేవరకొండ (గణితం): అయితే ఈ ఎనిమిదింటిని ఆరోహణ క్రమంల పెట్టుండ్రి, దారి చెప్పుకుంట: −√3, 17/12, −1.7, √2, 1.41, −7/4, 7/5, 1.414141… (41 ఆవర్తనం).

వనపర్తి: ముందు సున్నకు ఎడమ దిక్కుయి వేరు చెయ్యాలె. 7/4 వర్గం 49/16, అంటే 3.0625. 1.7 వర్గం 2.89. √3 వర్గం 3. మైనస్ లేకుంటే 1.7 < √3 < 7/4. మైనస్ వస్తే వరుస తిరగబడ్తది: −7/4, −√3, −1.7. ఇక్కడ మైనస్‌తోనే వర్గం చేసి, పెద్ద వర్గం వచ్చినదే పెద్ద సంఖ్య అని రాసుడు మామూలు తప్పు.

కుడి దిక్కు 7/5 = 1.4, తర్వాత 1.41. ఆవర్తన దశాంశాన్ని భిన్నం చేస్తే 140/99. 140 వర్గం 19600, 99 వర్గానికి రెండింతలు 19602. రెండు తక్కువ పడ్డది, కాబట్టి √2కు ఎడమనే ఉన్నది. 17 వర్గం 289, 12 వర్గానికి రెండింతలు 288. ఒకటి ఎక్కువ, కాబట్టి √2కు కుడి.

−7/4 < −√3 < −1.7 < 7/5 < 1.41 < 1.4141… < √2 < 17/12

కాలిక్యులేటర్ అవసరం పడలే.

నాగర్‌కర్నూల్ (తెలుగు): ఈ ‘ఒకటి ఎక్కువ’ మాట శుల్బసూత్రం రాసిన బౌధాయనుడి దగ్గరే ఉంది. ద్వికరణి కావాలంటే కొలతకు దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, చివర కలిపినదానిలో 34వ వంతు తగ్గించు అన్నాడు. అంటే 1 + 1/3 + 1/12 − 1/408. మొత్తం 577/408. తగ్గించక ముందు ఉన్నది మీరు రాసిన 17/12యే. 577 వర్గం 332929, 408 వర్గానికి రెండింతలు 332928. మళ్లీ ఒకటే ఎక్కువ. సూత్రం చివర ఉన్న మాట ‘సవిశేషః’, కొంత తేడా ఉన్నది అని దాన్ని వ్యాఖ్యానిస్తారు. రేఖ మీద √2కు కుడివైపు 0.000002 దూరంలో ఉంటుంది. ఒక యూనిట్ ఒక మీటరు అయినా ఆ సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండింతలే.

సూర్యాపేట: కొంచెం పక్కకు పోతున్న. మన పాత తెలుగు భిన్నాలు కూడ నాలుగు మీద నడిచినయి. కాలు అంటే 1/4, అర, ముక్కాలు. ఆ కింది మెట్టు వీసం 1/16, పరక 2/16, మువ్వీసం 3/16. రాసే గుర్తులకు 2008లో యూనికోడ్ల, అంటే కంప్యూటర్ అక్షరాల పట్టికల, చోటు కూడ దొరికింది. క్రమం అడిగితే వీసం < పరక < మువ్వీసం < కాలు. “పరక పెద్దదా, కాలు పెద్దదా” అని ఇప్పటి పిల్లలను అడిగితే తెల్లమొహం వేస్తరు, 0.125, 0.25 అంటే చెప్తరు. ఈ పద్ధతిల మూడో వంతు తేలదు: ఒక కాలు, ఒక వీసం, అందులో నాలుగో వంతు, మళ్ల అందులో నాలుగో వంతు… ఒడవదు. అయినా అది కరణీయం కాదు. ఒడవకపోవుడు ఒక్కటే గుర్తు కాదు, తిరిగి తిరిగి రాకపోవుడు కూడ ఉండాలె.

మిర్యాలగూడ: తిరిగి రాకపోవుడు అంటే తీరు లేకపోవుడు అని కూడ రాస్తరు, అదీ సరిగ్గ లేదు. 1.101001000100001… ల తీరు ఉన్నది, సున్నలు ఒక్కోటి పెరుగుతున్నయి. కాని ఒకే ముక్క మళ్ల మళ్ల రాదు, కాబట్టి కరణీయమే. దీనికి కరణితో ఏ పనీ లేదని పండిట్ గారు కొట్లాడొచ్చు.

నాగర్‌కర్నూల్ (తెలుగు): కొట్లాడను. పేరు తాడుతో పుట్టింది, అర్థం పుస్తకంలో పెరిగింది.

దేవరకొండ (గణితం): ఆఖరికి ఒకటి. క్రమంల 0.999… (9 ఆవర్తనం), 1 రెండూ ఇస్తే?

వనపర్తి: రెండూ ఒక్కటే చుక్క. 1/3 అంటే 0.333…, మూడుతోని గుణిస్తే ఒక దిక్కు 1, ఇంకో దిక్కు 0.999…. రెంటికి నడుమ పెట్టేటందుకు ఇంకో సంఖ్య దొరకది. చిన్నది గుర్తు పెట్టొద్దు, సమానం గుర్తే పెట్టాలె. 0.999 అని మూడు తొమ్మిదుల కాడ ఆగితే మాత్రం అది వేరే చుక్క, 1కి 0.001 ఎడమ దిక్కు.