పాత మ్యూజిక్ ప్లేయర్‌కి ఇయర్‌ఫోన్స్ మార్చాలి: మైకు ఉన్నవి పెడితే గొంతు మాయమవుతోంది

క్లిప్‌ప్లేయర్:
చొక్కాకి తగిలించుకునే చిన్న ప్లేయర్. 3.5 మి.మీ. సాకెట్ ఉంది, ఎఫ్‌ఎం ఉంది, బ్లూటూత్ లేదు. దాంతో వచ్చిన ఇయర్‌ఫోన్స్‌లో కుడి చెవి పోయింది. పిన్ను దగ్గర వైరు వంచి పట్టుకుంటే వస్తుంది, వదిలితే పోతుంది. ఫోన్‌కి వాడే మైకు హెడ్‌సెట్ పెట్టి చూస్తే పాడేవాళ్ల గొంతు అసలు వినబడట్లేదు, వాయిద్యాలు మాత్రం బావిలోంచి వస్తున్నట్టు ఉన్నాయి. అదే హెడ్‌సెట్ ఫోన్‌లో శుభ్రంగా పాడుతోంది. లోపం ప్లేయర్‌దా? కొత్తవి కొనాల్సి వస్తే డబ్బాల మీద 16 ఓమ్‌లు, 32 ఓమ్‌లు, 10 మి.మీ., 14 మి.మీ. అని రాస్తారే, వాటిలో ఏది చూడాలి? నడకలోనూ, రాత్రి పడుకునే ముందూ వింటాను. తక్కువ ధరలో కావాలి, కానీ ఆరు నెలలకే పోకూడదు.

టంకంపని:
మీరు చెప్పినవి రెండూ వేర్వేరు జబ్బులండి. మొదటిది వైరు తెగడం, అనుమానమే లేదు. రెండోది పిన్ను తేడా.

పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు ఉంటే మూడు పట్టీల పిన్ను: కొనకి ఎడమ చెవి, మధ్య పట్టీకి కుడి చెవి, మొదలుకి గ్రౌండ్ (రెండు చెవుల కరెంటూ తిరిగి వెళ్లే ఉమ్మడి దారి). మూడు గీతలుంటే మైకు ఉన్న నాలుగు పట్టీల పిన్ను. ఇప్పటి ఫోన్ హెడ్‌సెట్లలో మూడో పట్టీ గ్రౌండ్, మొదట్లో ఉన్న నాలుగోది మైకు. మీ ప్లేయర్ సాకెట్‌లో గ్రౌండ్ తీగ ఆ నాలుగో పట్టీకే తగులుతోంది. దాంతో గ్రౌండ్ తెగిపోయి కరెంటు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి తిరిగి వస్తుంది. అప్పుడు వినబడేది ఎడమ, కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే. గొంతు రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కనుక కొట్టుకుపోతుంది, పక్కలకి పరిచిన వాయిద్యాలూ ప్రతిధ్వనీ మిగులుతాయి.

ఖాయం చేసుకోవాలంటే పాట నడుస్తుండగా హెడ్‌సెట్ మీద కాల్ ఎత్తే బటన్ నొక్కి పట్టుకోండి. ఆ బటన్ మైకు పట్టీని గ్రౌండ్‌కి కలిపేస్తుంది. నొక్కినంతసేపూ గొంతు వచ్చి, వదలగానే పోతే కారణం ఇదే, ప్లేయర్ ఆరోగ్యంగా ఉంది.

కాబట్టి మైకు లేని, రెండు గీతల పిన్ను ఉన్నవే కొనండి. మైకూ, వాల్యూమ్ బటన్లూ ఈ రకం ప్లేయర్‌లో ఎలాగూ పనిచేయవు, వాటికి డబ్బు పెట్టడం దండగ. దీనికి మినహాయింపు 2009లో వచ్చిన మూడో తరం ఐపాడ్ షఫుల్ లాంటివి. దాని ఒంటి మీద పాట మార్చే బటన్లే లేవు, అన్నీ ఇయర్‌ఫోన్ వైరు మీదే. అలాంటిదానికి సరిపడే రిమోట్ ఉన్నవే తీసుకోవాలి.

కొనేముందు ఇంకో పని చేయండి. క్లిప్ ప్లేయర్ రోజంతా బట్టలకి రాసుకుంటూ ఉంటుంది, సాకెట్ అడుగున నూలు పీచు గట్టిపడి కూర్చుంటుంది. పిన్ను పూర్తిగా దిగదు, కొత్తవి పెట్టినా ఒక చెవే వస్తుంది. ప్లేయర్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో గోడ వెంబడి నెమ్మదిగా గీకి పీచు బయటికి లాగండి. గుండుసూది వద్దు, లోపలి స్ప్రింగు తీగలు వంగిపోతాయి.

డెసిబెల్:
అంకెల సంగతి నేను చెబుతాను. 10 మి.మీ., 14 మి.మీ. అనేది లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ వెడల్పు. దాన్నిబట్టి నాణ్యత తెలియదు, పట్టించుకోకండి. ఓమ్‌లు అంటే ఇయర్‌ఫోన్ కరెంటుకి ఇచ్చే అడ్డు, చిన్న ప్లేయర్‌కి 16 నుంచి 32 మధ్య ఏదైనా సరే.

జాగ్రత్తగా చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, అందులోనూ దాని కొలమానం. ఒకరు మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు, ఇంకొకరు వోల్ట్‌కి అని రాస్తారు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే మోసపోతాం. మిల్లీవాట్ లెక్కని వోల్ట్ లెక్కలోకి మార్చాలంటే 16 ఓమ్‌లకి 18, 32 ఓమ్‌లకి 15 కలపండి. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 100 అని ఉంటే వోల్ట్‌కి 118 అయినట్టు. పక్క డబ్బా మీద వోల్ట్‌కి 108 అని ఉంటే పెద్ద అంకెలా కనబడుతుంది గానీ, మీ ప్లేయర్‌లో అదే వాల్యూమ్ దగ్గర అది 10 డెసిబెల్స్ తక్కువ మోగుతుంది. చెవికి దాదాపు సగం శబ్దం అన్నమాట. వోల్ట్‌కి 110 నుంచి 118 మధ్య చూసుకోండి.

మరీ ఎక్కువ కూడా మంచిది కాదు. రాత్రి నిశ్శబ్దంలో పాటకీ పాటకీ మధ్య సన్నగా 'స్‌స్‌స్' అని ప్లేయర్ లోపలి రొద వినబడుతుంది, వాల్యూమ్ ఒకటి మీద పెట్టినా ఎక్కువనిపిస్తుంది. పడుకునే ముందు వింటానన్నారు కనుక ఇది మీకు ముఖ్యం.

ఎఫ్‌ఎం ఉందన్నారు కదా, దానికి యాంటెనా ఇయర్‌ఫోన్ వైరే. 1.2 మీటర్ల మామూలు వైరు చాలు. చుట్టచుట్టి జేబులో పెడితే మాత్రం స్టేషన్ గరగరలాడుతుంది. బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే రేడియో వదులుకోవాల్సిందే.

చెవికుదురు:
పైన చెప్పినవన్నీ సరిపోయినా చెవిలో కుదరకపోతే వ్యర్థం. కొత్త ఇయర్‌ఫోన్స్‌లో బేస్ లేదు అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు లోపం రబ్బరు టిప్పే. పాట పెట్టి ఇయర్‌ఫోన్‌ని వేలితో లోపలికి మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే గాలి కారుతోందని అర్థం, ఒక సైజు పెద్దది వేయండి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని లేదు, ఎడమకి మీడియం, కుడికి లార్జ్ పెట్టుకోవడం మామూలే. పెట్టేటప్పుడు ఇంకో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగితే టిప్పు సరిగ్గా దిగుతుంది. గాలి కారనప్పుడు వాల్యూమ్ తగ్గించే వినొచ్చు, చెవులకి అది మేలు.

నడకలో ఇంకో ఇబ్బంది ఉంది. వైరు చొక్కాకి రాసుకున్నప్పుడల్లా ఆ శబ్దం 'డబ్ డబ్' అని చెవిలోకి ఎక్కుతుంది. వైరుని చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకుంటే చాలావరకు పోతుంది, లేదా ఛాతీ దగ్గర ఒక క్లిప్ పెట్టండి. రోడ్డు మీద నడిచేటట్టయితే మాత్రం చెవి మూసేసే రకం వద్దని గట్టిగా చెబుతాను. రబ్బరు టిప్పు లేకుండా చెవి అంచున ఆనే గుండ్రటి బడ్స్ తీసుకోండి. బేస్ తగ్గుతుంది, కానీ వెనక వచ్చే బండి వినబడుతుంది. పక్కకి తిరిగి పడుకునేవాళ్లు ఇయర్‌ఫోన్ డొల్ల చెవిలోంచి ఎంత బయటికి పొడుచుకొస్తుందో చూడాలి, దిండుకి తగిలితే పది నిమిషాల్లో చెవి నొప్పెడుతుంది.

క్లిప్‌ప్లేయర్:
బటన్ నొక్కి చూశానండి, గొంతు వచ్చింది. సాకెట్‌లోంచి పీచు కూడా బఠాణీ గింజంత వచ్చింది. పాతవాటి కుడి చెవి మాత్రం అలాగే ఉంది. వైరు ఊడదీసి మార్చుకునే రకం తీసుకోమంటారా? పాతవాటికి పిన్ను మార్చడం కుదురుతుందా?

టంకంపని:
రెండూ కుదురుతాయి. వైరు మార్చుకునే రకం మీ వాడకానికి బాగా నప్పుతుంది, ఎందుకంటే ముందు పోయేది ఎప్పుడూ వైరే. అందులో వైరు ఇయర్‌ఫోన్‌లో దిగేచోట 0.78 మి.మీ. రెండు సూదులుండే రకం ఎంచుకోండి. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ జీరో అనే ఇయర్‌ఫోన్స్ రెండూ ఆ రకమే, చవకవాటిలో మంచివి, కాకపోతే చెవి మూసేసేవి కనుక రోడ్డు మీద నడకకి వద్దు. గుండ్రంగా తిరిగే ఎం.ఎం.సి.ఎక్స్. రకం తిరిగి తిరిగి కొన్నాళ్లకి లూజు అవుతుంది. ఇక పిన్ను: ఎల్ ఆకారంది జేబులో వంగకుండా నిలుస్తుంది, కానీ మీ చిన్న ప్లేయర్‌లో దాని మొండెం బటన్ల మీదకి రాకుండా చూసుకోండి.

పాతవాటికి మూడు పట్టీల 3.5 మి.మీ. పిన్ను ఒకటి కొనండి. పాత పిన్నుకి 4 సెం.మీ. పైన వైరు కోసేయండి. కొత్త పిన్ను తొడుగుని టంకం పెట్టకముందే వైరులోకి ఎక్కించండి, ఇది మర్చిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. లోపల సాధారణంగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగిరంగు గ్రౌండ్. గ్రౌండ్ రెండు పోగులుగా వస్తే కలిపి మెలిపెట్టండి. ఈ పోగుల మీద రంగు నిజానికి లక్క పూత, మధ్యలో దారం పీచు కూడా ఉంటుంది. ఊరికే తాకిస్తే టంకం అతకదు. టంకం బొట్టు కరిగించి, పోగు కొనని అందులో మూడు నాలుగు సెకన్లు ముంచి ఉంచండి, పూత కాలి కొన వెండిలా మెరుస్తుంది. అప్పుడు అతికించండి.

తొడుగు బిగించకముందే మల్టీమీటర్‌తో కొనకీ మొదలుకీ మధ్య, తర్వాత మధ్య పట్టీకీ మొదలుకీ మధ్య కొలవండి. రెండూ మీ ఇయర్‌ఫోన్ రకాన్నిబట్టి 16 లేదా 32 ఓమ్‌లకి అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉండాలి, మీటరు వైరు కొన తాకినప్పుడు ఆ చెవిలో 'టిక్' అని వినబడాలి. సున్నా చూపిస్తే పోగులు లోపల తగులుకున్నాయి, విడదీసి మధ్యలో టేపు పెట్టండి. ఏమీ చూపించకపోతే పూత సరిగ్గా కాలలేదు, మళ్లీ ముంచండి.