ట్యూబిఫెక్స్ వేశాక గోల్డ్‌ఫిష్ పొట్ట ఉబ్బింది, బతికున్న పురుగులు మానేయాలా?

పెన్నాఒడ్డు:
అందరికీ నమస్కారం, మాది నెల్లూరు. ఇంట్లో రెండడుగుల ట్యాంకులో మూడు గోల్డ్‌ఫిష్‌లు, పక్కన చిన్న తొట్టిలో ఒక ఫైటర్ చేప ఉన్నాయి. ఇన్నాళ్లూ పెల్లెట్లే వేస్తున్నా. పోయిన ఆదివారం షాపాయన "ఎప్పుడూ ఆ గింజలేనా, పురుగులు వేసి చూడు, రంగు తేలతాయి" అని కవర్లో నీళ్లు పోసి ట్యూబిఫెక్స్ ముద్ద ఒకటి ఇచ్చాడు. వెంట్రుకల్లాంటి ఎర్రటి దారాలు, వేలు తగిలితే ముద్ద మొత్తం ఒక్కసారిగా ముడుచుకుంటుంది. మా ఆవిడ అది చూసి ఫ్రిజ్ దరిదాపులకు తెచ్చావంటే ఊరుకోనంది.

ఫైటర్ అయితే పిచ్చెక్కినట్టు తినింది, నోట్లో సగం సేమ్యాలా వేలాడుతుండగానే ఇంకోదాని మీదికి పోయేది. ఆశ కొద్దీ ముద్దంతా రెండు రోజుల్లో ఖాళీ చేశా. గోల్డ్‌ఫిష్ ట్యాంకులో సగం పురుగులు గులకరాళ్ల కిందికి దూరిపోయాయి. మూడోరోజుకి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి, నీచు వాసన, ఒక గోల్డ్‌ఫిష్ పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగి ఈదుతోంది. టెన్షన్‌గా ఉంది.

మా నాన్నేమో "దొడ్లో నిమ్మచెట్టు కింద తవ్వితే ఎర్రలు కావాల్సినన్ని, గాలానికి అవే గుచ్చేవాళ్లం, డబ్బులిచ్చి మురుక్కాలవ పురుగులు కొంటావా" అని తిడుతున్నాడు. ఇప్పుడు చేపను ఎట్లా కాపాడుకోవాలి, ఇక ముందు పురుగులు వేయొచ్చా, వేస్తే ఏవి?

ఒంగోలు ఆస్కార్:
బ్రదర్, ముందు మేత ఆపెయ్. రెండు మూడు రోజులు తిండి లేకపోతే గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు. నీళ్లు ఈరోజు మూడో వంతు, రేపు మూడో వంతు మార్చు, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచు. మార్చేటప్పుడు పైనుంచి చెంబుతో తోడితే లాభం లేదు, పైపు గులకరాళ్లలోకి గుచ్చి అడుగునున్నది లాగాలి. అక్కడ చచ్చిన పురుగులు కుళ్లి అమ్మోనియా వదులుతున్నాయి, నీ నీళ్లు తెల్లబడింది ఆ కుళ్లు మీద బ్యాక్టీరియా పెరిగే. మన ఎండలకి నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ ఎటూ తగ్గుతుంది, కాబట్టి గాలి మోటారు రాత్రీ పగలూ తిరగనియ్.

పస్తు అయ్యాక ఉడికించిన పచ్చి బఠాణీ తొక్క తీసి, నలిపి కొంచెం వెయ్, కడుపు కదులుతుంది. పొలుసులు మాత్రం పైకి లేచి నిలబడితే అది అజీర్తి కాదు, లోపల జబ్బు, వెంటనే ఇక్కడ ఫోటో పెట్టు.

ట్యూబిఫెక్స్ గురించి మీ నాన్న చెప్పింది కరెక్టే, అవి మురుగు బురదలో బతికేవి, ఆ బురదే వాటి పొట్టలో ఉంటుంది. తెచ్చిన రోజే వేస్తే మురుక్కాలవని ట్యాంకులో పోసినట్టే. నేను వెడల్పు ట్రేలో పల్చగా నీళ్లు పోసి, రోజుకి మూడు నాలుగు సార్లు మార్చి, రెండు రోజులయ్యాకే వేస్తా. బతికున్నవి ఒకచోట ఉండ కడతాయి, చచ్చినవి బూడిదరంగుకి తిరిగి విడిగా పడి ఉంటాయి, వాటిని పారబోస్తా. అద్దానికి అంటించే చిల్లుల గిన్నె దొరుకుతుంది, అందులో వేస్తే చిల్లుల్లోంచి ఒక్కొక్కటే బయటికొస్తుంది, చేప లాక్కుంటుంది, అడుక్కి పోవు. రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వెయ్. ఫైటర్ పొట్ట దాని కన్నంతే ఉంటుందంటారు, అది గుర్తుపెట్టుకో.

ఉప్పునీళ్లు:
నేను కావలి వైపు రొయ్య పిల్లల హేచరీలో పని చేస్తున్నా. పెద్దాయన మాట వినండి సార్, ఎర్రలు నేలలో పెరిగేవి కాబట్టి చేపల జబ్బులు మోసుకొచ్చే అవకాశం బాగా తక్కువ. ఆ నిమ్మచెట్టుకి ఈ మధ్య పురుగుమందు గానీ ఎరువు గానీ వేసి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. తవ్వినవి కడిగి, తడి గుడ్డలో చుట్టి మూతకి చిల్లులున్న డబ్బాలో రాత్రంతా ఉంచండి, పొట్టలో మట్టి వదిలేస్తాయి. పొద్దున్నే మళ్లీ కడిగి బ్లేడుతో చేప నోటికి పట్టేంత ముక్కలు కోసి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. వర్మీకంపోస్టు తొట్లో ఉండే సన్నటి ఎర్ర పురుగులు వద్దు, వాటిలో కొన్ని ముట్టుకుంటే పసుపురంగు కంపు ద్రవం వదులుతాయి, చేపలు ఉమ్మేస్తాయి. కార్తీకం వానల్లో ఎర్రలు వాటంతటవే పైకొస్తాయి, ఎండాకాలం తవ్వితే లోతుకి పోవాలి.

మా దగ్గర తల్లి రొయ్యలకి కూడా సముద్రపు పురుగులు మేపుతారు, పాలీకీట్ అంటాం. వాటితో వైట్ స్పాట్ వైరస్ లోపలికొస్తుందనే భయంతో టెస్టు చేయకుండా ట్యాంకు దగ్గరికి రానివ్వరు. (అది రొయ్యలకొచ్చేది, మీ చేపల మీద వచ్చే తెల్లచుక్కలు వేరే జబ్బు.) లక్షల పిల్లలున్న చోటే అంత జాగ్రత్త పడుతుంటే షాపాయన కవర్లో పోసిచ్చింది అట్లానే ఒంపేశారు మీరు. చెరువుల్లోంచి, చేపలుండే గుంటల్లోంచి తెచ్చిన పురుగులు ఎవరిచ్చినా వద్దు.

ఫైటర్‌కి సరదాగా ఏదైనా వేయాలంటే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు పొదగండి, రొయ్యల మేత అమ్మేచోట అడగండి. లీటరు నీళ్లకి పాతిక ముప్పై గ్రాముల కల్లుప్పు, కింద నుంచి గాలి, ఒక్క రోజులో పొదుగుతాయి. లైటు పెడితే పిల్లలన్నీ అటు చేరతాయి, సన్నటి గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో కడిగి వేయాలి. పెద్ద గోల్డ్‌ఫిష్‌లకి ఇది దండగ, ఏనుగు నోట్లో ఆవగింజ.

గప్పీ పిచ్చోడు:
రెండడుగుల ట్యాంకులో మూడు గోల్డ్‌ఫిష్‌లా అన్నా? పురుగులు వేయకపోయినా ఆ నీళ్లు ఎన్నాళ్లో నిలబడేవి కాదు. ఇంకోటి, షాపులో గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ ఉంటాయి, పేరుకే వార్మ్, నిజానికి దోమలాంటి ఒక ఈగ పిల్లలు. వాటితో అంత గొడవుండదు గానీ కొందరికి చేతులు దురద పెడతాయి, స్పూనుతో వెయ్.

పెన్నాఒడ్డు:
అందరికీ థ్యాంక్స్. నీళ్లు రెండుసార్లు మార్చా, తెలుపు తగ్గింది. మేత ఆపి రెండు రోజులైనా పొట్ట మాత్రం అట్లానే ఉంది. ఒక డౌటు, గులకరాళ్ల సందుల్లో ఇంకా కొన్ని పురుగులు బతికే ఉన్నాయి, తోకలు పైకి పెట్టి ఊపుతున్నాయి. వదిలేయొచ్చా?

ఒంగోలు ఆస్కార్:
పస్తు పెట్టానని నువ్వనుకుంటున్నావు, చేపలు రాత్రంతా ఆ పురుగుల్ని తవ్వుకుని విందు చేసుకుంటున్నాయి. గులకరాళ్లు మొత్తం బకెట్లోకి తీసి కడుగు, అప్పటినుంచి లెక్కపెట్టు పస్తు.

పెన్నాఒడ్డు:
ఓర్నీ. బకెట్ అడిగితే మా ఆవిడ ఏ బకెట్ అంటోంది.