అప్‌డేట్: లాంచ్‌లో టైర్లు జారుతున్నాయని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే: డ్రాగ్ రేస్‌లో (పావు మైలు తిన్నగా దూసుకెళ్లే పోటీ) నా మాన్యువల్ గేర్ల మస్టాంగ్ జీటీ కారు, పచ్చ లైట్ పడగానే వెనక టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి, మొదటి 60 అడుగులకే 2.4 సెకన్లు పోతున్నాయి అని. మొన్న మళ్లీ డాలస్ దగ్గర ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ ట్రాక్‌కి వెళ్లాను.

మీరన్నట్టే వెనక టైర్ల గాలి 32 నుంచి 26 పీఎస్‌ఐకి దించాను. మామూలు రోడ్డు టైర్లే కాబట్టి బర్నవుట్ నీళ్ల (టైర్లు గిర్రున తిప్పి వేడెక్కించడానికి ట్రాక్ మీద పోసే నీళ్లు) జోలికి పోలేదు, పక్కనుంచి తిప్పుకొచ్చి ఒక్కసారి టైర్లు తిప్పి దుమ్ము దులిపాను, అంతే. ఇంతకుముందు సరాసరి నీళ్లలోంచి పోనిచ్చి, ఆ తడిని స్టార్ట్ లైన్ దాకా మోసుకెళ్లేవాణ్ణి, ఏం తెలివో!

అసలు తప్పు నా ఎడమ కాలిది. 4,000 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ గభాలున వదిలేసేవాణ్ణి. ఇప్పుడు 2,500 దగ్గర ఉంచి, క్లచ్ పట్టుకునే చోట అరక్షణం నిలిపి, కారు కదిలాక యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా నొక్కాను. మొదటిసారి బండి ఆగిపోయింది, వెనక లైన్ మొత్తం చూస్తుండగా. నాలుగో రన్‌కి 60 అడుగులు 2.1 సెకన్లు, క్వార్టర్ మైల్ (పావు మైలు) 13.5 నుంచి 13.0 సెకన్లకి!

ఇంకోటి, లేటుగా కదిలితే టైమ్ పాడవుతుందని టెన్షన్ పడేవాణ్ణి, కానీ ఆ గడియారం కారు స్టార్ట్ లైన్ దగ్గరి బీమ్ (కాంతి కిరణం) దాటాకే మొదలవుతుందట, రియాక్షన్ టైమ్ (పచ్చ లైట్ పడ్డాక కదలడానికి పట్టే సమయం) లెక్క వేరే.

రెండో గేర్‌లో ఇంకా కీచుమంటోంది. డ్రాగ్ రేడియల్స్ (ఎక్కువ పట్టుండే డ్రాగ్ రేస్ టైర్లు) సంగతి బోనస్ వచ్చాక చూద్దాం.