ప్రోనోటు మీద ‘షేర్లు ఇస్తాము’ అని రాస్తే షేర్లు వచ్చినట్టేనా?

కావలి నుంచి:
అన్నా, మా బావమరిది రొయ్యల మేత ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో డైరెక్టరు. 2023 ఆగస్టులో కంపెనీకి 15 లక్షలు ఇచ్చాను. తొమ్మిది బ్యాంకులో, ఆరు చేతికి. ‘కోరినప్పుడు డబ్బులైనా షేర్లయినా ఇస్తాము’ అని ప్రోనోటు రాసిచ్చాడు. కంపెనీ ఇప్పుడు బాగా నడుస్తోంది. షేర్లు అడిగితే ‘చూద్దాంలే బావా’ అంటున్నాడు.

ఒంగోలు నుంచి:
షేర్లు రాలేదు తమ్ముడూ. అప్పు షేర్లుగా మారాలంటే ఆ షరతును వాటాదారులు అప్పు పుచ్చుకోకముందే ప్రత్యేక తీర్మానంతో ఒప్పుకోవాలి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 62(3) చెప్పేది అదే. ఆ తీర్మానాన్ని 30 రోజుల్లో ఎంజీటీ-14 ఫారంలో దాఖలు చేయాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో 100 రూపాయలు కడితే కంపెనీ కాగితాలు చూడొచ్చు. నువ్వు డబ్బిచ్చే నాటికి ముందు అలాంటి తీర్మానం లేకపోతే నీ చేతిలో ఉన్నది ఉత్త అప్పు.

నోటు మీద సంతకం ఎలా ఉంది? ఉత్త సంతకమే అయితే బాకీదారు మీ బావమరిదే అని కంపెనీ తప్పించుకోవచ్చు.

కావలి నుంచి:
‘ఫర్’ అని కంపెనీ పేరు, సీలు ఉన్నాయి. స్టార్టప్‌లు తర్వాత షేర్లుగా మార్చుకునే కన్వర్టిబుల్ నోటు ఇస్తాయంటారే, ఇది అది కాదా?

ఒంగోలు నుంచి:
కాదు. దానికి కంపెనీకి కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కో మదుపరి ఒకే విడతలో కనీసం 25 లక్షలు పెట్టాలి. పైగా నీ డబ్బు చట్టం దృష్టిలో, ప్రైవేట్ కంపెనీ బయటివాళ్ళ దగ్గర తీసుకోకూడని డిపాజిట్ కింద పడే ప్రమాదముంది. డైరెక్టరు బంధువు సొంత డబ్బు ఇస్తే ప్రైవేట్ కంపెనీకి మినహాయింపు ఉంది, కానీ చట్టం లెక్కలో అక్క బంధువు, అక్క మొగుడు కాడు! మీ ఆవిడ ఖాతా నుంచి, అప్పు తెచ్చింది కాదని రాసిచ్చి పంపుంటే సరిపోయేది. నగదుగా ఇచ్చిన ఆరు లక్షలకు ఆదాయపు పన్ను జరిమానా పుచ్చుకున్నవాళ్ళకే పడుతుంది. ఆ మాట మెత్తగా చెప్పు, బెదిరింపులా వద్దు.

అన్నిటికంటే తొందర పడాల్సింది గడువు గురించి. కోరినప్పుడు ఇస్తామన్న బాకీకి రాసిన తేదీ నుంచి మూడేళ్ళే. మా చిన్నాన్న మొహమాటానికి పోయి అడగలేదు, నోటుకు కాలదోషం పట్టింది. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, చూస్తే కడుపు రగులుతుంది. గడువు లోపలే కొంత సొమ్ము కట్టించి నోటు వెనక చెల్లు వేయించు, లేదా కంపెనీ లెటర్‌హెడ్ మీద బాకీ ఒప్పుకోలు రాయించు.

షేర్లే కావాలంటే ఇప్పుడు కొత్తగా ప్రత్యేక తీర్మానం, షేరు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, షేర్లు కేటాయించాక ఆ సంగతి తెలిపే పీఏఎస్-3 ఫారం కావాలి. కంపెనీ సెక్రటరీని పెట్టుకోండి.

కావలి నుంచి:
ఆదివారం ఇంటికొస్తున్నాడన్నా. పదివేలైనా కట్టించి రాయిస్తా.

ఒంగోలు నుంచి:
బ్యాంకులో వేయించు. చెల్లు మీద తేదీ వేసి, కంపెనీ తరఫున తనే సంతకం పెట్టాలి.